పెన్నీకో పాట: 1600ల నాటి లండన్ వీధి పాటలు విన్నాను | రివ్యూ

నమస్కారం అండీ. ఈసారి రివ్యూ సినిమాకి కాదు, ఫోన్‌కి అసలే కాదు. మూడు నాలుగు వందల ఏళ్ల కిందట లండన్ వీధుల్లో ఒక్కోటి పెన్నీకి అమ్మిన పాటల కాగితాలకి. బ్రాడ్‌సైడ్ బ్యాలడ్లు అంటారు వీటిని. పెద్ద కాగితం, ఒకవైపే అచ్చు. పైన బారెడు పేరు, దాని కింద చెక్క దిమ్మతో అచ్చేసిన రెండు మూడు బొమ్మలు, ఆ కింద పాట. అమ్మేవాళ్లు వీధిలో నిలబడి పాడేవారు. జనం మూగేవారు. నచ్చితే కొనుక్కుని వెళ్లి ఇంటి గోడకో, తాగుడు దుకాణం గోడకో అంటించుకునేవారు. చదువు రానివాళ్లు విని నేర్చుకునేవారు.

నేను వీటిని విన్నది శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ల ఇంగ్లిష్ బ్రాడ్‌సైడ్ బ్యాలడ్ ఆర్కైవ్‌లో. 2003లో మొదలైంది. పూర్తిగా ఫ్రీ. ఒక్కో పాటకి అసలు కాగితం ఫొటో, చదవగలిగే అక్షరాల్లో పాఠం, వరస (ట్యూన్) దొరికిన పాటలకి పాడిన రికార్డింగ్ ఉంటాయి.

ఆ వరస దగ్గరే నేను ఇరుక్కుపోయాను. ఈ కాగితాల మీద చాలావరకు స్వరాలు ఉండవు. పేరు కింద 'ఫలానా పాట వరస' అని ఒక్క లైను, అంతే. మన భజన పుస్తకాల్లో పాట మీద ఏదో సినిమా పాట పేరు వేసి వరస అని రాస్తారు చూడండి, అచ్చం అలాగే. కొన్నవాడికి ఆ వరస ముందే వచ్చు. అందుకే పాట కొత్తదైనా ఇంటికి వెళ్లేలోపే నోటికి వచ్చేసేది.

ఇక్కడో తమాషా ఉంది. 'ఫార్చూన్ మై ఫో' అని ఒక వరస. మొదట్లో అది ప్రేమలో దెబ్బతిన్నవాడి మొర. అదృష్టమా, నాకు శత్రువువయ్యావే అని. నెమ్మదిగా, బరువుగా సాగుతుంది. ఆ బరువు చూసే కాబోలు, ఉరిశిక్ష పడ్డవాళ్ల పాటలు చాలావరకు దాని మీద కట్టడం మొదలుపెట్టారు. 'నేను ఈ హత్య చేశాను, నన్ను చూసి బుద్ధి తెచ్చుకోండి' అని దోషే పాడుతున్నట్టు ఉంటాయి అవి. రాసేది మాత్రం ఎవరో కిరాయి కవి! చివరికి దానికి ఉరి వరస అనే పేరే స్థిరపడిపోయింది. వీధిలో మొదటి రెండు స్వరాలు వినపడగానే, మాట ఇంకా మొదలు కాకముందే, ఎవరికో మూడిందని జనానికి అర్థమైపోయేది అనుకుంటా. అలాంటి పాటలు నాలుగు వరసగా విన్నాను. నాలుగోదానికి కాస్త టెన్షనే వచ్చింది, నిజంగా.

దీనికి పూర్తిగా అవతలి కొస 'లిలిబులేరో'. 1688లో ఇంగ్లండ్‌ని ఊపేసిన పాట. రెండో జేమ్స్ రాజు ఐర్లండ్ పాలన అప్పగించిన టిర్కనల్ ప్రభువునీ, ఐరిష్ కాథలిక్కులనీ వెక్కిరిస్తుంది. రాసింది థామస్ వార్టన్ అనే ఆనాటి రాజకీయ నాయకుడని చెప్తారు. సైనికులంతా పాడారు, పట్నాల్లో పాడారు, పల్లెల్లో పాడారు. ఆ ఏడాది చివరికి జేమ్స్ ఫ్రాన్స్‌కి పారిపోయాడు. రాజుని రాజ్యంలోంచి పాట పాడి వెళ్లగొట్టానని వార్టన్ గొప్పలు పోయాడట. జేమ్స్ మీదికి డచ్చి సైన్యం వచ్చి దిగిన సంగతి మరిచిపోయినట్టున్నాడు! వరస మాత్రం గొప్పది, పాదం ఆగదు. తర్వాతి రోజుల్లో బీబీసీ వరల్డ్ సర్వీస్ దాన్నే తన సిగ్నేచర్ ట్యూన్‌గా వాడుకుంది. కానీ మాటలు అర్థం చేసుకుని వింటే నాకు ముఖం మాడిపోయింది. ఒక జాతి యాసని ఎగతాళి చేయడం తప్ప అందులో ఇంకేం లేదు. వరసకి ఐదుకి ఐదు, మాటలకి ఒకటి.

ఈ కాగితాలు పెన్నీ సరుకు కదా, చిరిగిపోయి, పొయ్యి వెలిగించడానికి పోవాల్సినవి. మనదాకా వచ్చాయంటే కొందరు పిచ్చిగా పోగేశారు కాబట్టి. వాళ్లలో పెద్దాయన శామ్యూల్ పీప్స్, తన డైరీతో పేరు పొందిన ఆయన. నౌకాదళంలో పెద్ద అధికారి, వీధి పాటలు ఏరుకుంటూ తిరిగాడు! 1,800కి పైగా పాటలు, ఐదు సంపుటాలు. ఇప్పుడవి కేంబ్రిడ్జ్‌లోని మాడ్లిన్ కాలేజీలో ఉన్నాయి. భక్తి, చరిత్ర, విషాదం, సుఖాంతమైన ప్రేమ, విఫలమైన ప్రేమ, పెళ్లి, సముద్రం, తాగుడు... ఇలా విభాగాలు కూడా చేసుకున్నాడు. ప్లేలిస్టులే కదా ఇవి! పుస్తకంలో సరిగ్గా పట్టడానికి కాగితాల్ని కత్తిరించి అంటించాడు, అది చూస్తే గుండె చివుక్కుమంటుంది. 1700 నాటికి పాత నల్ల అక్షరాలూ (బ్లాక్ లెటర్ అనే మందపాటి పాతకాలపు అచ్చు లిపి) బొమ్మలూ పోయి, బొమ్మల్లేని చవక అచ్చు వచ్చేసిందని ఆయనే రాసుకున్నాడు.

బొమ్మల గురించి ఒక్క మాట. చెక్క దిమ్మ చెక్కించడం ఖర్చు కాబట్టి ఉన్నవాటినే మళ్లీ మళ్లీ అచ్చేశారు. ఒక పాటలో ప్రేమికుడు, ఇంకో పాటలో అదే టోపీతో, అదే నిలుచున్న తీరుతో మోసగాడు. కాసేపటికి జూనియర్ ఆర్టిస్టుని గుర్తుపట్టినట్టు గుర్తుపట్టేస్తాం.

ఇక నచ్చనివి. రికార్డింగులు ఎక్కువగా ఒంటి గొంతుతో, వాద్యం లేకుండా ఉంటాయి. ఇరవై చరణాల పాట అలా వింటే నిద్ర వస్తుంది. కొందరు క్లాసులో పాఠం అప్పజెప్పినట్టు పాడారు. సంతలో అరుచుకుంటూ అమ్మిన పాట ఇంత బుద్ధిగా ఉంటే ఎలా? నల్ల అక్షరాలు ఎలాగూ మనవల్ల కాదు, పక్కనే ఉన్న మామూలు పాఠం తెరుచుకోండి. మొదటిసారి వినేవాళ్లు తాగుడు పాటలతో మొదలుపెట్టండి. నాలాగా ఉరి పాటలతో మాత్రం వద్దు.

మొన్న ఇడ్లీ పిండి రుబ్బుతూ నాకు తెలియకుండానే ఆ ఉరి వరస కూనిరాగం తీస్తున్నాను. అమ్మ కాసేపు విని, "ఏం పాటే అది, బాగుంది. దేవుడి పాటా?" అంది. అవునన్నాను.