నిప్పురవ్వలు లేని సాన

శ్రోతలందరికీ నమస్కారం.

సానచక్రం నుంచి నిప్పురవ్వలు ఎంత జోరుగా ఎగిసిపడితే కత్తికి అంత పదును వచ్చిందని మనలో చాలామంది భావిస్తారు. సైకిలు చక్రం తొక్కుతూ సాన పట్టే మనిషి వీధిలోకి వచ్చినప్పుడు పిల్లలు చుట్టూ చేరేది ఆ రవ్వలను చూడటానికే. కాలితో తొక్కే ఆ చక్రం వల్ల జరిగే నష్టం కొద్దిపాటిదే. కానీ అదే రాయికి కరెంటు మోటారు బిగించి, నీటిచుక్క తగలకుండా నిమిషానికి 2,800 చుట్లకు పైగా తిప్పినప్పుడు, పదును కోసం ఇచ్చిన కత్తి పదును నిలుపుకోలేని కత్తిగా తిరిగివస్తుంది. దీనికి కారణం వేడి. ఆ వేడిని ఆపగలిగేది నీరు.

ఉక్కును ఎర్రగా కాల్చి, చల్లార్చి, మళ్ళీ తగుమాత్రం వేడిచేసి దానికి గట్టిదనం తెస్తారు. మామూలు కార్బన్ ఉక్కుతో చేసిన కత్తి సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కితే ఆ గట్టిదనం తగ్గడం మొదలవుతుంది. కత్తి మొత్తానికి అంత వేడి సోకకపోవచ్చు. కానీ అంచు బహు పలుచన కాబట్టి అక్కడ పుట్టిన వేడి వెనుకకు పాకేలోగానే అంచు కాలిపోతుంది. సుమారు 300 డిగ్రీల దగ్గర ఉక్కు మీద నీలిరంగు తేలుతుంది. సాన పట్టించి తెచ్చుకున్న కత్తి అంచున ఆ నీలిమచ్చ కనిపిస్తే, ఆ మేర లోహం అరిగిపోయేదాకా అక్కడ పదును నిలవదు.

నీటిసాన యంత్రంలో రాతిచక్రం అడుగుభాగం నీటితొట్టిలో మునిగి ఉంటుంది. పెద్ద యంత్రాలలో 250 మిల్లీమీటర్ల రాయి నిమిషానికి దాదాపు 90 చుట్లు మాత్రమే తిరుగుతుంది. అంటే రాతి అంచు సెకనుకు 1 మీటరుకు కాస్త ఎక్కువ దూరం కదులుతుంది. పొడిరాయి మోటారు మీద 150 మిల్లీమీటర్ల రాయి అంచు అదే సెకనులో 20 మీటర్లకు పైగా పరుగెత్తుతుంది. ఈ తేడాలోనే అంతా ఉంది. రాయితో పైకి వచ్చే నీరు వేడిని లాగేసుకుంటుంది, అరిగిన ఇనుపరజనును కడిగేస్తుంది, దుమ్మును గాలిలోకి లేవనివ్వదు. స్వీడన్‌లో 1973లో మొదలైన టోర్మెక్ సంస్థ ఈ తరహా యంత్రాలకు పేరుపొందింది. అయితే రాతిమీద నీళ్ళు చల్లుకుని నూరడం మనకు కొత్త విద్య కాదు. నూతిగట్టు రాతిమీద కత్తి నూరిన మన పెద్దలు ఆ తడి విలువ ఎరిగినవారే.

ఇక నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ చెబుతాను. విజయనగరంలో గంటస్తంభానికి దగ్గరలోని ఒక దుకాణంలో ఒక పెద్దాయన దర్జీ పని చేస్తారు. ఆయన దగ్గర మీరట్‌లో తయారైన బరువైన కత్తెర ఉంది. మీరట్ కత్తెరలకు 2013లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పాత ఇనుముతో చేసే ఆ కత్తెరలు మరమ్మతులు చేసుకుంటూ తరాలపాటు వాడుకోవడానికి వీలైనవి. ఒకరోజు ఒక ఖాతాదారు పొందూరు ఖద్దరు తెచ్చి లాల్చీ కుట్టమని ఇచ్చారు. వాలుగ చేప దవడ ఎముకతో దూదిని శుభ్రపరిచి, చేతితో అతి సన్నని నూలు వడికి నేసే బట్ట అది. ఆ మెత్తని బట్ట మీద కత్తెర సాగలేదు. మొదట్లో బాగానే తెగినా, కొన దగ్గరకు వచ్చేసరికి బట్ట రెండు అలుగుల నడుమ మడతపడి నలిగిపోసాగింది. ఆయన వెంటనే కత్తెర పక్కన పెట్టి, నీటిసాన యంత్రం ఉన్న ఒక యువకుడికి కబురు పెట్టారు. ఆ పని జరుగుతున్నంతసేపూ నేను అక్కడే నిలబడి చూశాను.

ఆ యువకుడు ముందుగా కత్తెర మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నాడు. రెండు అలుగుల నడుమ సన్నని సందులోంచి వెలుతురు కనిపించింది. అది లోపం కాదు. మంచి కత్తెర అలుగులు కొద్దిగా వంపు తిరిగి ఉంటాయి. అవి ఒకేసారి నిడివంతా ఆనుకోవు, ఒక్క బిందువు దగ్గరే కలుస్తాయి, కత్తెర మూసుకుంటున్నకొద్దీ ఆ బిందువు అలుగులను కలిపే మర (స్క్రూ) దగ్గర నుంచి కొనదాకా జరుగుతూ పోతుంది. బట్టను కోసేది ఆ బిందువే. "బాబూ, లోపలి పక్క కూడా కాస్త పట్టు," అన్నారు పెద్దాయన. "లోపలి పక్క రాయి తగలకూడదు తాతగారూ, తగిలితే ఆ వంపు పోతుంది," అన్నాడు యువకుడు. అంత చిన్న వయసులో అంత శ్రద్ధ చూసి నాకు చాలా సంతోషం కలిగింది.

మర విప్పి రెండు అలుగులను విడదీశాడు. బయటి వాలు మీద నల్లసిరాతో గీత పూసి, అలుగును ఆనుపట్టీ మీద ఉంచి, రాతిని చేతితో ఒక్కచుట్టు తిప్పాడు. సిరా పైఅంచున మాత్రమే చెరిగింది. పట్టీని కొంచెం సర్ది మళ్ళీ చూశాడు. వాలు వెడల్పంతా సిరా సమంగా చెరిగాకే మోటారు వేశాడు. మడమ, అంటే పిడివైపు చివర, నుంచి కొనదాకా ఎక్కడా ఆపకుండా, ఒత్తిడి మారకుండా నడిపించాడు. లోపలి వైపున సన్నని లోహపు పొర తిరిగిందని వేలికి తెలిసినప్పుడు ఆపేశాడు. ఆ పొరను నున్నని రాతిమీద బల్లపరుపుగా ఒక్కసారి ఆనించి తీసేశాడు. కత్తెర బిగించాక ఒక పిడి పైకెత్తి వదిలితే, అలుగు నెమ్మదిగా దిగి సగంలో ఆగేటట్టు మరను సర్ది, మిషను నూనె ఒక చుక్క వేశాడు. పెద్దాయన ఖద్దరు అంచు కత్తిరించి చూశారు. కొనదాకా ఒకే కోతలో తెగింది.

వంటింటి కత్తుల సంగతి ఇంతకన్నా సులువు. అంచుకు రెండు పక్కలా 15 నుంచి 20 డిగ్రీల వాలు ఉంచి, చివర తోలుచక్రం మీద మెరుగు పెడితే చాలు. పీటకు బిగించిన కత్తిపీటకు మాత్రం చేతిరాయే నయమని నా అభిప్రాయం. యంత్రం ఉన్నవారు పని ముగిశాక తొట్టిలో నీరు తీసేయాలి. రాయి ఒక పక్కే నానితే బరువు ఒకవైపు తూగుతుంది.

శ్రోతలు ఈసారి కత్తెరను సానకు ఇచ్చేటప్పుడు రెండు మాటలు ముందే చెప్పండి: నీళ్ళతో పట్టమనండి, లోపలి వైపు ముట్టుకోవద్దనండి. తిరిగి తీసుకునేటప్పుడు ఒక పలుచని గుడ్డపేలికను తడిపి, కత్తెర కొనతో మాత్రమే కత్తిరించి చూడండి. తడిగుడ్డ నలిగితే డబ్బు ఇవ్వకముందే మరను మరొక్కసారి సర్దించండి. చాలాసార్లు లోపం అక్కడే ఉంటుంది.