వంద నాడెల పట్టు

శ్రోతలకు నమస్కారం.

మయన్మార్‌లో మాండలే నగరానికి దక్షిణాన అమరపుర అనే ఊరు ఉంది. బోదపయా రాజు 1783లో రాజధాని చేసుకున్న ఊరది. 1885లో బర్మా రాజరికమే అంతమైంది. మగ్గాలు మాత్రం ఆగలేదు. ఈ పూట అందులో ఒక్క మగ్గం గురించే చెబుతాను.

దాని మీద నేసే పట్టు పేరు లూంతయా అచేక్. లూంతయా అంటే వంద నాడెలు, అచేక్ అంటే అలల నమూనా. మామూలు మగ్గం మీద పేక పోగును మోసే నాడె ఈ కొస నుంచి ఆ కొసకు పోతుంది. ఇక్కడ పోదు. గుడ్డ వెడల్పంతా చిన్న చిన్న నాడెలు వరసగా ఉంటాయి. ఒక నాడె తన రంగు పడవలసిన పడుగు పోగుల మేర మాత్రమే నడిచి, పక్క రంగు పోగుతో మెలిక వేసుకుని వెనక్కి వస్తుంది. పక్క నాడె తన మేర నడిచి, మెలిక వేసుకుని వెనక్కి వస్తుంది. అలా నాడెలన్నీ కదిలితేనే ఒక్క పేక వరస పూర్తవుతుంది. మన గద్వాల చీరకు పట్టు అంచు కలిపే కుప్పడం పని తెలిసినవారికి ఈ మెలిక వెంటనే అర్థమవుతుంది. అక్కడ అంచు దగ్గర పడే మెలిక ఇక్కడ గుడ్డ నిండా పడుతుంది.

అందుకే ఒకే మగ్గం ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. ఇద్దరి చేతులూ ఒకే లెక్కలో నడవాలి. పొద్దంతా నేస్తే కొద్ది అంగుళాలు. అల మీద అల, అల మీద అల, నడుమ సన్నని తీగలు.

ఈ నేతను మణిపురి నేతగాళ్లు తెచ్చారని చెబుతారు. 18వ శతాబ్దంలో బర్మా రాజులు మణిపూర్ మీద దండెత్తి ఎందరినో పట్టుకుపోయారు. చెరపట్టిన మనుషుల చేతిపని ఆ దేశపు పెళ్లిబట్ట అయిందంటే నా మనసు బరువెక్కుతుంది.

పూర్వం మగవారు కట్టే పసో అనే బట్ట 30 అడుగుల దాకా ఉండేది. నడుముకు చుట్టగా మిగిలింది భుజాన వేసుకునేవారు. తరవాత అది గొట్టంలా కుట్టిన లుంగీ అయింది. అయినా పెళ్లినాడు వరుడు పట్టు పసో కట్టి, ముందు ముడి వేసి, తైక్‌పోన్ అనే పొట్టి కోటు తొడిగి, తలకు గౌంగ్‌బౌంగ్ అనే పాగా పెట్టుకుంటాడు. చాలాసార్లు వధువు కట్టిన అచేకూ, అతని పసో ఒకే రంగు, ఒకే అల. మన వరుడి పట్టుపంచెలో రంగంతా అంచుకే పరిమితం. మగవాడి ఒంటి మీద అంత రంగు చూడటం నాకు ఎంతో ఇష్టం.

అచేక్ కొనాలనుకుంటే గుడ్డ తిరగేసి చూడండి. మళ్లీ చెబుతున్నాను, తిరగేసి చూడండి. అచ్చు వేసినదైతే వెనక రంగు వెలవెలబోతుంది. అనుకరణ నేత అయితే వెనక పోగులు అడ్డంగా, వదులుగా సాగి ఉంటాయి. అసలుదైతే రంగూ రంగూ కలిసిన చోటల్లా ఆ మెలిక కనిపిస్తుంది. అది కనిపించాక ధర తగ్గించమని అడగకండి. ఇద్దరు మనుషుల వారాల కూలి అందులో ఉంది.