బోటుకు కాగితం ఉంది, బోటు కట్టే చోటుకో?

(నెల్లూరు జిల్లా తీర గ్రామంలో మత్స్యకార సహకార సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, సంఘం సభ్యులకు, వేట మానుకుని వచ్చిన అన్నదమ్ములకు, వెనకాల నిలబడిన అక్కచెల్లెళ్లకు నమస్కారం. అమ్మా, మీరు ముందుకొచ్చి కూర్చోండి. ఏ కాగితం ఏ పెట్టెలో ఉందో మీకే తెలుసు, ఈ మాటలు ముందు మీరు వినాలి.

మన బోట్లకు కాగితాలున్నాయి. ఆ బోటు ఏట్లో నిలిచే చోటుకు మాత్రం చాలామందికి ఏ కాగితమూ లేదు. ఒకటుంటే రెండోది ఉన్నట్టే అనుకుంటున్నాం. అది నిజం కాదు, ఆ సంగతి చెప్పడానికే వచ్చాను.

బోటు కాగితాలు రెండు. 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం కింద చేసిన రిజిస్ట్రేషన్ ఒకటి, అణియం మీద, అంటే బోటు ముందు కొస మీద, ఐఎన్‌డీ ఏపీ అని మొదలుపెట్టి రాయించే నంబరు అదే. రెండోది మన రాష్ట్ర 1994 సముద్ర మత్స్య నియంత్రణ చట్టం కింద మత్స్యశాఖ ఇచ్చే వేట లైసెన్సు. బోటు ఎవరిది, పొడవెంత, ఇంజను ఏది, ఏ వేటకు పోవచ్చు, ఇవే వాటిలో ఉంటాయి. కండలేరు ఉప్పుటేరులో ఫలానా మలుపు దగ్గర కట్టుకోవచ్చని ఆ రెండింట్లో ఎక్కడైనా ఉందేమో ఇంటికి పోయి చూడండి.

మరి ఆ చోటు ఎవరిది? మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, 1905లో, భూ ఆక్రమణల చట్టం వచ్చింది. పోటు గీతకు, అంటే పోటు నీళ్లు ఎక్కే హద్దుకు, కింద ఉన్న సముద్రం అడుగు, రేవుల అడుగు, క్రీకుల, అంటే మన ఉప్పుటేరు లాంటివాటి, అడుగు, అలాగే నదుల అడుగు, ఇంకొకరి హక్కు రుజువైతే తప్ప ప్రభుత్వ ఆస్తి అని అందులో రాసుంది. అంటే మన తాతలు కట్టిన చోటే మనం కడుతున్నా, ఆ బురద మన పేరున లేదు.

ఇక్కడ మనం బోటు ఎలా కడతామో ఒకసారి చూడండి. ఆరేసి గంటలకు నీరు తిరుగుతుంది. ఒక్క లంగరు మీద వదిలేస్తే పోటుకు ఎగువకి, నీరు తీసే పాటుకు మొగ వైపుకి, అంటే ఏరు సముద్రంలో కలిసే వైపుకి, బోటు గిర్రున తిరిగి పక్కవాడి ఇంజను మీద పడుతుంది, అందుకని అణియం నుంచి ఒక మోకు ఎగువకి, వెనక కొస అమరం నుంచి ఇంకో మోకు మొగ వైపుకి లాగి కడతాం. అమావాస్యకి, పున్నమికి పోటు పెద్దది కాబట్టి మోకు కాస్త వదులు పెడతాం. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం ఉండదు. లంగరు ఎత్తితే అక్కడ మన గుర్తేమీ మిగలదు. కానీ మోకు రోజూ ఒరుసుకుని తెగుతోందని ఒక సర్వి బాదు, అంటే గుంజ, దిగేస్తాం. దానికో ఇనప కడియం, పాత టైరు. తర్వాతి ఏడు దిగడానికి రెండు పలకలు, ఆ తర్వాత ఇసుక బస్తాలు, చివరికి సిమెంటు. బోటు నిలపడం, చోటు పట్టుకోవడం రెండూ వేరని నోటీసు వచ్చిన రోజు తెలుస్తుంది. పలక దాటి సిమెంటు దాకా పోతే తీరప్రాంత నియంత్రణ నిబంధనలు కూడా వస్తాయి. సముద్రం ఒడ్డున లేం కదా అనుకోవద్దు, ఎండాకాలంలో ఏటి నీట్లో ఉప్పు లీటరుకు 5 గ్రాములకు తగ్గనంత మేరా ఆ నిబంధనల లెక్కలోకే వస్తుంది.

ఇదేదో మన పేద పాలేల మీదే పెట్టిన రూలు కాదు. లండన్‌లో థేమ్స్ నదికి టెడింగ్టన్ అనే చోటు దాకా పోటు నీళ్లు ఎక్కుతాయి. అక్కణ్ణుంచి సముద్రం దాకా దాదాపు 150 కిలోమీటర్లు పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ చేతిలో ఉంటుంది. అక్కడ నదిలో పడవ నడుపుకునే హక్కు అందరిదీ, దారిలో కాసేపు లంగరు వేసుకున్నా తప్పులేదు. అదే నది అడుగున గొలుసు దించి శాశ్వతంగా కట్టుకోవాలంటే 1968 చట్టం ప్రకారం లైసెన్సు తీసుకోవాలి, డబ్బు కట్టాలి. మనతో పోలిస్తే అక్కడ ఒక మేలుంది. లైసెన్సు ఉన్నవాడికి తన చోటేదో కాగితం మీద ఉంటుంది. మనకు కావాల్సింది అదే.

పోర్టు హద్దులో ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కృష్ణపట్నం పోర్టు ఉన్నది ఈ ఉప్పుటేరు మొగ దగ్గరే. ఏ బోటు ఎక్కడ నిలవాలో చెప్పే అధికారం, దారికి అడ్డమున్నదాన్ని తీయించి ఖర్చు యజమాని దగ్గర వసూలు చేసే అధికారం 1908 ఓడరేవుల చట్టం నుంచే ఉన్నాయి, 2025లో దాని స్థానంలో కొత్త చట్టం చేశారు. హద్దు ఎంతవరకో నోటిఫికేషన్‌లో ఉంటుంది. ఆ కాపీ మన సంఘం గోడ మీద ఉండాలి, లేకపోవడం మన నిర్లక్ష్యమే. బకింగ్‌హాం కాలువలో కట్టేవాళ్లకు వేరే సంగతి. అది 2008 నుంచి నాలుగో జాతీయ జలమార్గంలో భాగం, అక్కడ జెట్టీ లాంటిది కట్టాలంటే అంతర్దేశీయ జలమార్గాల సంస్థ అనుమతి కూడా కావాలి.

అసలు టెన్షన్ అంతా వేట నిషేధంలోనే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు ప్రతి మరబోటూ ఏట్లోనే ఉంటుంది. చోటు చాలదు, మోకుల మీద మోకులు పడతాయి. ఆ పాలెం వాళ్లు ఈ పాలెం బోటు మోకు కోశారని తగాదా వస్తుంది, పెద్దలు కూర్చుని తీర్పు చెప్పినా అది నోటిమాటే, తహసీల్దారు ముందు నిలబడదు. నాకు బాధ కలిగించేది ఇదే. మన కట్టుబాట్లలో ఎంతో న్యాయం ఉంది, చిన్న బోటుకు లోపలి చోటు, పెద్ద బోటుకు లోతు చోటు అని ఎప్పుడో పంచుకున్నాం, కానీ అక్షరం ముక్క రాసిపెట్టుకోలేదు.

అందుకని ఒక్కొక్కరూ విడివిడిగా తిరగొద్దు. సంఘం పేరుతో అడుగుదాం. ఏటి ఒడ్డు పటం ఒకటి గీయించి, ఎవరి బోటు ఎక్కడ నిలుస్తుందో, ఎన్నేళ్లుగా నిలుస్తుందో, బోటు నంబరుతో సహా రాద్దాం. గ్రామసభలో తీర్మానం చేయించి దాన్ని మత్స్యశాఖకు, తహసీల్దారుకు, పోర్టు హద్దులో ఉంటే పోర్టు అధికారులకు కూడా ఇచ్చి, ప్రతిచోటా అందినట్టు సంతకం, ముద్ర తీసుకుందాం. సిమెంటు పని మాత్రం అనుమతి చేతికొచ్చేదాకా ఎవరూ మొదలుపెట్టొద్దు, ఒక్కరు పోసినా అందరి దరఖాస్తూ ఆగిపోతుంది.

రిజిస్ట్రేషన్ లేని బోటు ఉంటే ముందు అది చేయించండి. తుపాను తర్వాత నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు మొట్టమొదట అడిగేది ఆ నంబరే. బోటు కొన్న రసీదు, ఇంజను బిల్లు, ఆధార్, బోటు ఫోటో తెచ్చుకుని సచివాలయంలో మత్స్య సహాయకుణ్ణి కలవండి. రసీదు పోయినవాళ్లు మొహమాటపడకుండా ఇప్పుడే నా దగ్గరికి రండి, ఏం చేయాలో కూర్చుని చూద్దాం. పటం గీసే పని ఆదివారం పాటు నీళ్లకు మొదలుపెడదాం, బురద తేలితే ఎవరి బాదు ఎక్కడుందో కనపడుతుంది.