కారు ఏసీ వెచ్చని గాలి ఇస్తుంటే: గ్యాస్ నింపే ముందు చూడవలసినవి

సభకు నమస్కారం.

ఏసీ చల్లబరచడం లేదని కారు తీసుకువెళ్లగానే చాలాచోట్ల వినిపించే మొదటి మాట, గ్యాస్ అయిపోయింది, నింపేద్దాం అన్నది. నేటి నా ప్రసంగమంతా ఈ మాట మీద నాకున్న అభ్యంతరమే. ఏసీలోని గ్యాస్ ఇంధనంలా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాలలో అదే గ్యాస్ మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉంటుంది. రబ్బరు గొట్టాల నుంచీ, కంప్రెసర్ షాఫ్టు సీలు నుంచీ ఏళ్ల తరబడి కొంత తరిగితే తరగవచ్చు గాని, నిరుడు నింపిన గ్యాస్ ఈ ఏడు లేదంటే ఎక్కడో లీకు ఉన్నదనే అర్థం. లీకును వదిలేసి గ్యాస్ నింపడాన్ని నేను మరమ్మతుగా అంగీకరించలేను.

కంప్రెసర్ గ్యాస్‌ను నొక్కి, దాని పీడనాన్నీ వేడినీ పెంచి, కారు ముందుభాగంలో ఉండే కండెన్సర్‌కు పంపుతుంది. అక్కడ అది తన వేడిని బయటి గాలికి వదిలి ద్రవమవుతుంది. డ్రయ్యర్‌లో తేమను వదిలించుకున్న ఆ ద్రవం ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోని సన్నని దారి దాటగానే పీడనం పడిపోయి, డ్యాష్‌బోర్డు వెనుక ఉన్న కూలింగ్ కాయిల్‌లో మరుగుతూ, బ్లోయర్ తోసే గాలిలోని వేడిని లాగేసుకుంటుంది. ఎక్కువ కార్లలో ఇప్పటికీ ఉన్న ఆర్-134ఎ గ్యాస్ మామూలు వాతావరణ పీడనంలో మైనస్ 26 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. చల్లదనమంతా ఆ మరగడంలోనే ఉంది.

కాబట్టి మొదట అడగవలసిన ప్రశ్న, గాలి ఎప్పుడు వెచ్చగా వస్తోంది అన్నది. కారు పరుగెడుతున్నప్పుడు చల్లగా ఉండి, ఆగి ఉన్నప్పుడు వెచ్చబడితే కండెన్సర్‌కు గాలి అందడం లేదేమోనని ముందుగా అనుమానించాలి: ఫ్యాన్ తిరగకపోవచ్చు, దానికి కరెంటు కలిపే స్విచ్ అయిన రిలే పోయి ఉండవచ్చు, రెక్కల మధ్య దుమ్ము, పురుగులు పేరుకుని ఉండవచ్చు. ఈ స్థితిలో అదనంగా గ్యాస్ ఎక్కిస్తే, అసలే ఎక్కువగా ఉన్న పీడనం ఇంకా పెరిగి, కంప్రెసర్‌కు ముప్పు వస్తుంది. మొదట చల్లగా వచ్చి, కొంతసేపటికి గాలి జోరు తగ్గిపోతే కూలింగ్ కాయిల్ మీద మంచు కడుతోందేమో చూడాలి.

ఎప్పుడూ వెచ్చగానే ఉంటే, ఏసీ వేసి బానెట్ ఎత్తి, కంప్రెసర్‌ను బెల్టు పుల్లీతో కలిపే క్లచ్ ప్లేటు, కంప్రెసర్ ముందు భాగంలో, పుల్లీతో కలిసి తిరుగుతున్నదో లేదో దూరం నుంచే గమనించండి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, వైరు, క్లచ్ కాయిల్, ప్రెషర్ స్విచ్ వరుసగా పరీక్షించాలి. గ్యాస్ బాగా తగ్గినప్పుడు ఆ స్విచ్ కంప్రెసర్‌ను కావాలనే ఆపుతుంది, ఎందుకంటే కంప్రెసర్‌కు కావలసిన నూనె గ్యాస్‌తో పాటే ప్రయాణిస్తుంది. స్విచ్‌ను తప్పించి నేరుగా కరెంటు ఇచ్చి నడిపితే, నూనె అందక కంప్రెసర్ అరిగి, ఆ లోహపు పొడి గొట్టాలన్నింటా చేరుతుంది. చిన్న ఖర్చుతో పోయే పని మొత్తం ఏసీని మార్చే దాకా వెళ్లేది ఇలాగే. క్లచ్ లేని కొత్త రకం కంప్రెసర్లు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి కనుక వాటిని కంటితో కాక పీడనం కొలిచే గేజీలతోనే నిర్ధారించాలి.

కంప్రెసర్ నడుస్తూ, కూలింగ్ కాయిల్ నుంచి తిరిగి వచ్చే లావు గొట్టం చల్లగా చెమర్చి ఉన్నా లోపల గాలి వెచ్చగానే ఉంటే, దోషం గ్యాస్‌లో ఉండే అవకాశం తక్కువ. చల్లగాలిని, హీటర్ వేడిని కలిపే చిన్న తలుపు ఒకటి డ్యాష్‌బోర్డు లోపల ఉంటుంది. దాన్ని కదిపే మోటారు చెడిపోతే, చల్లబడిన గాలి మళ్లీ వేడెక్కి బయటికి వస్తుంది.

గేజీల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. ఇంజిను ఆపి ఉన్నప్పుడు 30 డిగ్రీల వాతావరణంలో ఆర్-134ఎ సుమారు 95 నుంచి 100 పీఎస్‌ఐ చూపిస్తుంది. లోపల కాస్త ద్రవం మిగిలి ఉంటే చాలు, గ్యాస్ నిండుగా ఉన్నా సగమే ఉన్నా ఆ అంకె అదే. నడుస్తున్నప్పుడు కంప్రెసర్‌లోకి గ్యాస్ వచ్చే తక్కువ పీడనం వైపు, దాని నుంచి వెళ్లే ఎక్కువ పీడనం వైపు, ఈ రెండు వైపుల పీడనాలను కలిపి చదివితేనే విషయం తెలుస్తుంది: రెండూ తక్కువైతే గ్యాస్ తగ్గి ఉండవచ్చు, రెండూ ఎక్కువైతే కండెన్సర్ వేడి వదలకపోవడమో గ్యాస్ మితిమీరడమో కావచ్చు, తక్కువ వైపు పెరిగి ఎక్కువ వైపు పడిపోతే కంప్రెసర్ బలహీనపడి ఉండవచ్చు.

లీకు ఉన్నచోట నూనె జిడ్డు తరచు కనిపిస్తుంది. అతుకులు, రాళ్లు తగిలిన కండెన్సర్, గ్యాస్ ఎక్కించే వాల్వులు ముందుగా చూడాలి. కంటికి దొరకకపోతే నైట్రోజన్ పీడనంతోనో, అతినీలలోహిత కాంతిలో మెరిసే రంగుతోనో వెదకాలి. లీకు సరిచేసి, అతుకుల దగ్గరి రబ్బరు ఓ-రింగులు, డ్రయ్యర్ మార్చి, కనీసం అరగంట వాక్యూమ్ పెట్టి, అంటే పంపుతో లోపలి గాలిని లాగి, తేమను తీసేయాలి. ఆ తరువాత బానెట్ కింది స్టిక్కరు మీద రాసిన బరువు ప్రకారం తూచి మాత్రమే గ్యాస్ నింపాలి. చిన్న కార్లలో మొత్తం గ్యాస్ అరకిలో చుట్టుపక్కలే ఉంటుంది కనుక, యాభై గ్రాముల తేడా కూడా లెక్కలోకి వస్తుంది.

పాత గ్యాస్‌ను గాలిలోకి వదలడం తప్పు. 1987 మాంట్రియల్ ఒప్పందం తరువాత ఓజోన్‌ను దెబ్బతీసే పాత గ్యాస్ ఆర్-12 స్థానంలో వచ్చిన ఆర్-134ఎ, భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లకు పైగా బలమైనది. దాన్ని యంత్రంతోనే వెనక్కి తీయాలి. కొత్త కార్లలోని ఆర్-1234వైఎఫ్ గ్యాస్‌కు మంట అంటుకునే గుణం కొంత ఉంది. ఒకదానిలో మరొకటి కలపరాదు. ద్రవం చర్మాన్నీ కళ్లనూ క్షణంలో గడ్డకట్టిస్తుంది కనుక రక్షణ కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. విద్యుత్ కార్ల కంప్రెసర్‌కు ప్రాణాంతకమైన వోల్టేజి వస్తుంది. నారింజ రంగు తీగలను శిక్షణ లేనివారు ముట్టుకోకూడదు.

పని ముగిశాక నడిమి గాలిమూతిలో థర్మామీటరు పెట్టి చూడండి. బయటి వేడిని, తేమను బట్టి అంకె మారినా, చాలా కార్లలో అది 10 డిగ్రీల దరిదాపులకు దిగాలి. నింపిన బరువు, తేదీ కాగితం మీద రాసి యజమానికి ఇవ్వండి. మళ్లీ ఎప్పుడైనా గాలి వెచ్చబడితే, గ్యాస్‌ను వెనక్కి తీసి తూచగానే, ఎంత కాలంలో ఎంత పోయిందో ఆ కాగితమే చెబుతుంది.