ఊరంతటికీ ఒక్క సీసా

(మహిళా దినోత్సవం నాడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఒక గ్రామ సంఘం సభలో పశుసఖి, అంటే ఊళ్ళో పశువుల, కోళ్ళ ఆరోగ్యం చూసే మహిళ, ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకీ, ముందు కూచున్న అమ్మలకీ, అప్పలకీ, వెనక గట్టు మీద నిలబడ్డ బాబులకీ అందరికీ దండాలు. సన్మానాలు అయ్యేసరికే ఎండెక్కిపోయింది, పేరుపేరునా చెప్పలేదని ఎవరూ ఏమీ అనుకోకండి. పొదుపు గురించి మాట్లాడమని నాకు కాగితం మీద రాసిచ్చారు. అలాగే మాట్లాడతాను. మన పెరట్లో తిరిగే పొదుపు గురించి మాట్లాడతాను.

జీడిపిక్కల డబ్బులు ఎవరి చేతికొస్తాయి? కొబ్బరికాయల డబ్బులు? మీకూ తెలుసు, నాకూ తెలుసు. గుడ్లమ్మిన డబ్బులు, పుంజునమ్మిన డబ్బులు మాత్రం మన కొంగున ఉంటాయి. గుంటలకి పుస్తకాలు కొనాలన్నా, పురిటికొచ్చిన కూతురికి పథ్యం పెట్టాలన్నా, సంఘం వాయిదా కట్టాలన్నా ఎవరినీ అడక్కుండా తీసేది అందులోంచే. కోళ్ళు పోతే మనకి పోయేది అదమ్మా.

తిత్లీ తుఫాను గుర్తుందా? ఎవరు మరిచిపోతారు! 2018 అక్టోబరు 10 రాత్రంతా గాలి, 11 తెల్లారగట్ట మన వజ్రపుకొత్తూరు తీరం మీదే దాటింది. అప్పటికి మా నల్లపెట్ట గుడ్ల మీద కూచుని ఉంది. వంటింటి మూల తట్టలో అడుగున ఇసుక, దానిమీద వరిగడ్డి, పేలు పట్టకుండా నాలుగు వేపరెమ్మలు వేసి కూచోబెట్టాం. రేకులు లేచిపోతుంటే మేమంతా మంచం కింద దూరాం. నీళ్ళు గచ్చు మీదికి వచ్చేస్తున్నాయి. మా అత్త పాక్కుంటూ పోయి తట్టని ఎత్తి రుబ్బురోలు మీద పెట్టి, పైన గంప బోర్లించింది. ఆ గాలికి ఆవులు తాళ్ళు తెంపుకున్నాయి, ఆ పెట్ట మాత్రం లేవలేదు. ఒళ్ళంతా ఉబ్బించి, రెక్కలు దించి, గుడ్లన్నీ కడుపు కిందికి లాక్కుని కూచుంది. చెయ్యి పెడితే గుర్రుమని పొడిచింది.

పొదుగుకి 21 రోజులు. తుఫాను పోయిన వారంలోగా ఆ లెక్క నిండింది. కరెంటు లేదు, నూకలన్నీ తడిసి ముక్కిపోయాయి. అయినా పిల్లలు దక్కాయి. గుడ్డులోంచి వచ్చేటప్పుడు పిల్ల కడుపులో పచ్చసొన కొంత మిగిలి ఉంటాది, దాంతో రెండు రోజులు మేత లేకపోయినా బతుకుతాది. ఆ తర్వాత చెదలు పెట్టాం. పాత కుండలో గడ్డీ పేడా తడిపి కుక్కి, సాయంత్రం నేలమీద బోర్లిస్తే తెల్లారేసరికి చెదలు పట్టేస్తాయి. పిల్లలకి అంతకంటే మంచి మేత లేదు. ఆ ఏడాది మాకు జీడి లేదు, కొబ్బరి లేదు. చెట్టు వేళ్ళతో లేచిపోతే మళ్ళీ మొక్క పెట్టి కాపు చూడాలంటే ఏళ్ళు పడతాది. ఇంట్లోకి మొదట వచ్చిన డబ్బు ఆ పిల్లలు పెరిగి పుంజులైతే వచ్చిందే.

అదిగో, అక్కడ ఎవరో అడుగుతున్నారు, ఫ్రిజ్‌లో గుడ్లు పొదగేయొచ్చా అని. వద్దమ్మా. చాలారోజులు చల్లదనంలో ఉంటే లోపల జీవం పోతాది. కొట్లో కొన్న ఫారం గుడ్డు అసలే పనికిరాదు, అక్కడ పెట్టల్లో పుంజుండదు కదా. మన గుడ్లే, చలికాలమైతే వారంలోపువి, ఈ ఎండల్లో అయితే మూడు నాలుగు రోజులవి పెట్టండి. వేసవి వేడికి పెట్ట కూచోకుండానే పిండం సగం కదిలి లోపలే చచ్చిపోతాది. 7వ రోజు రాత్రి సెల్ లైటు పెట్టి చూడండి, ఎర్రటి నరాలు సాలెగూడులా కనబడితే పిల్ల ఉన్నట్టు. ఖాళీగా కనబడినవి తీసేయండి, మురిగి పగిలితే పక్కనున్నవి కూడా పాడవుతాయి.

ఇంకో మాట. వనరాజా, గ్రామప్రియ పిల్లలు తెచ్చుకోండి, నేను కాదనను. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో కోళ్ళ పరిశోధన వాళ్ళు పెరటి కోసమే తయారుచేసిన జాతులవి. నాటుపెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే గొప్ప, వనరాజా 100 దాటుతాది. కానీ అవి పొదుగుకి కూచోవు. నాటుపెట్టలన్నీ అమ్మేసి అవే పెట్టుకుంటే ప్రతిసారీ పిల్లల్ని కొనుక్కోవాల్సిందే. ఇంటికి రెండు నాటుపెట్టలైనా ఉంచండి.

ఎక్కడున్నాను? ఆ, మా నల్లపెట్ట. తుఫాను తర్వాతి వేసవిలో పోయింది. ఇది చెప్పాలనే ఈవేళ ఇక్కడికి వచ్చాను. ఒక ఇంట కోళ్ళు తూగుతున్నాయి, పచ్చగా తెల్లగా నీళ్ళలా రెట్ట వేస్తున్నాయి, మెడలు తిరిగిపోతున్నాయి. ఆ ఇంటివాళ్ళు ఎవరికీ చెప్పలేదు. తూగుతున్నవాటిని సంతకి పట్టుకెళ్ళి సగం ధరకి అమ్మేశారు. చచ్చినవాటిని గెడ్డలో విసిరేశారు. కుక్కలు వాటిని వీధివీధికీ ఈడ్చాయి. వారం తిరిగేసరికి మా వీధిలో గూళ్ళన్నీ ఖాళీ. నాకు ఆ కోపం ఇంకా తీరలేదు. ఎందుకంటే ఏటా అదే జరుగుతోంది, ఏటా "అమ్మోరు కోపమొచ్చింది" అనుకుని ఊరుకుంటున్నాం.

అది కొక్కెర తెగులు. డాక్టర్లు రాణీఖేత్ అంటారు, మన దేశంలో 1920లలో ఉత్తరాదిన ఆ పేరున్న ఊళ్ళో బయటపడింది. వైరస్ కాబట్టి వచ్చాక మందు లేదు. పసుపు, వెల్లుల్లి, సారా ఏం పోసినా ఆగదు. రాకుండా టీకా మాత్రం 1940ల నుంచీ ఉంది. వారం పిల్లకి కంట్లోనో ముక్కులోనో లసోటా అనే టీకా చుక్క, మళ్ళీ నాలుగో వారంలో ఇంకో చుక్క. 8 వారాలు దాటాక రెక్క కింద ఆర్‌2బి అనే టీకా సూది. ఆ సూది చిన్నపిల్లలకి వేస్తే తెగులు తగులుతాది, తొందరపడొద్దు.

మరి ఇన్నేళ్ళుగా ఉన్న టీకా మన గూటికి ఎందుకు రాలేదు? చిన్న సీసాలో కూడా 100 కోళ్ళకి సరిపోయే మందుంటాది. ఒక్కో ఇంట్లో ఎనిమిదో పదో కోళ్ళు. ఐసు డబ్బాలో 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో తేవాలి, కలిపాక ఒకటి రెండు గంటల్లో అయిపోవాలి. మిగిలింది పారబొయ్యాల్సిందే. పది కోళ్ళ కోసం ఎవరు తెస్తారు? ఎవరికి వారం మానేశాం. ఒక వీధి వేయించుకుని ఇంకో వీధి మానేసినా తెగులు ఊళ్ళోనే ఉంటాది, కొత్తగా పుట్టిన పిల్లలకి అంటుకుంటాది. మనం పది రూపాయలు పది రూపాయలు వేసి బ్యాంకు దగ్గర అప్పు తెచ్చుకున్నవాళ్ళం కాదా? ఒక సీసా మందుకి ఊరంతా కలవలేమా?

చేతులెత్తండి, ఎన్ని ఇళ్ళు? అలా కాదు, మగవాళ్ళు కూడా ఎత్తండి.

సరే వినండి. ఎండలు ముదరకముందే, వచ్చే శుక్రవారం. తెల్లారి 5 గంటలకి మందు తెస్తాను. ఆ వేళకి గూళ్ళ తలుపులు తీయొద్దు, వదిలేస్తే మధ్యాహ్నం దాకా పట్టుకోలేం. తూగుతున్న కోడి ఉంటే ముందే చెప్పండి, దానికి సూది వేయం, విడిగా కట్టేద్దాం. చచ్చినదాన్ని లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి, గెడ్డలో వేయొద్దు. ఆర్నెల్లకి మళ్ళీ వేద్దాం. నేను ఇక్కడే, ఈ వేపచెట్టు కింద పుస్తకం పట్టుకుని కూచుంటాను. భోజనాలకి వెళ్ళేముందు పెద్దవెన్నో, పిల్లలెన్నో చెప్పి రాయించుకుని వెళ్ళండి. ఏ వీధి వాళ్ళు ముందొస్తారు?