నలభై దాటాక ఇష్టంగా వ్యాయామం: తిరుపతిలో పది నెలలు చేసి చూసిన రివ్యూ

అందరికీ నమస్కారం. నా వయసు నలభై మూడేళ్ళు. పద్దెనిమిదేళ్ళుగా లెక్కలు చూసే ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి, రోజుకు ఎనిమిది గంటలకు తక్కువ కాకుండా కుర్చీలోనే గడుస్తుంది. కిందటి వినాయక చవితి తరువాత చేయించుకున్న రక్తపరీక్షలో చక్కెర హద్దు దగ్గరకు వచ్చిందని తెలిసినప్పుడు, డాక్టరమ్మ "మందు ఇప్పుడే వద్దమ్మా, ముందు ఒళ్ళు కదిలించండి" అన్నారు. అప్పటి నుంచి ఈ పది నెలల్లో మన తిరుపతిలో నాకు అందుబాటులో ఉన్న వ్యాయామాలను ఒక్కొక్కటిగా చేసి చూశాను. వాటిలో ఏది నాకు అలవాటుగా నిలిచింది, ఏది నిలవలేదు, ఎందుకు నిలవలేదు అన్నది ఈ వీడియోలో వివరంగా చెబుతాను.

నా కొలమానం ఒక్కటే: మరునాడు మళ్ళీ వెళ్ళాలని అనిపించిందా, లేదా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థ తీవ్రత గల వ్యాయామం చేయాలి. దానితో పాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే పని చేయాలి. ఇది ఒక నెల పట్టుదలతో తీరిపోయే లెక్క కాదు, వచ్చే ఇరవై ముప్పై ఏళ్ళు ప్రతి వారం తీర్చవలసిన లెక్క. ఎన్ని కేలరీలు కరుగుతాయన్న దానికన్నా, ఆ పని మీద నాకు మనసు ఉందా లేదా అన్నదే పెద్ద ప్రశ్న అని నాకు తోచింది.

అందరిలాగే నేనూ మొదట జిమ్‌కే వెళ్ళాను. ఏడాదికి ఒకేసారి కడితే తగ్గింపు అన్నారు, కట్టేశాను. అక్కడ శిక్షణ ఇచ్చే అబ్బాయి నా మోకాళ్ళ సంగతి కానీ, ఇరవై ఏళ్ళుగా నేను బరువు ఎత్తలేదన్న సంగతి కానీ అడగకుండా, పక్కన చేస్తున్న కాలేజీ పిల్లలతో సమానంగా గుంజీలు తీయించాడు. మూడో రోజుకు కుడి మోకాలు వాచింది. డబ్బు తిరిగి ఇవ్వమని అడిగితే రసీదు వెనక అచ్చు వేసిన నిబంధన చూపించారు. అందుకని జిమ్‌లు పనికిరావని నేను అనను. మొదటి రోజు మీ వయసు, పాత దెబ్బలు, వాడుతున్న మందులు అడిగి రాసుకునే చోటు దొరికితే తప్పక చేరండి, అయితే ముందు ఒక నెలకు మాత్రమే కట్టండి. ముప్పై దాటిన తరువాత కండ క్రమంగా తగ్గుతూ వస్తుంది కనుక బలం పెంచే పని మానడానికి లేదు. నేను ఇప్పుడు ఇంట్లోనే కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి ఒంటిని ముందుకూ వెనక్కూ నెట్టడం, అయిదు లీటర్ల నీళ్ళ డబ్బా రెండు చేతుల్లో పట్టుకుని వరండాలో నడవడం చేస్తున్నాను. మనవాళ్ళు వీధి కొళాయి నుంచి బిందెలు మోసిన రోజుల్లో ఈ వ్యాయామం పేరు లేకుండానే జరిగిపోయేది.

తరువాత నడక. దీనికి తిరుపతిలో చోటుకు కొదవ లేదు: విశ్వవిద్యాలయం ఆవరణలో పెద్ద చెట్ల నీడ ఉంది, ప్రకాశం పార్కు ఉంది, వినాయక సాగర్ చుట్టూ నడక దారి ఉంది. మొదట్లో నేను ఫోనులో రోజుకు పదివేల అడుగులు చూపించాలని పట్టుబట్టి, రాత్రి తొమ్మిది దాటాక కూడా హాల్లో అటూ ఇటూ తిరిగేదాన్ని. ఆ పదివేల సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో తెలిశాక ఆ ఆరాటం తగ్గింది. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడాది, 1965లో, జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరుకు 'పదివేల అడుగుల కొలత' అని అర్థం. ఆ పేరే తరువాత లోకమంతటికీ లక్ష్యమై కూర్చుంది. అంతకన్నా తక్కువ అడుగులతో కూడా మేలు మొదలవుతుంది. నడక చాలినంత చురుకుగా ఉందో లేదో తెలుసుకోవడానికి మీటరు కన్నా మంచి గుర్తు మన గొంతే. నడుస్తూ పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, కానీ అన్నమయ్య కీర్తన ఒక చరణం రాగం తీసి పాడలేకపోవాలి. హాయిగా పాడగలుగుతుంటే వేగం పెంచాలి. రెండు మాటలకే ఆయాసం వస్తుంటే తగ్గించాలి.

ఒంటరి నడక నాకు ఆరు వారాలకే విసుగు పుట్టింది. ఆ తరువాత విశ్వవిద్యాలయం దగ్గర రోజూ ఎదురయ్యే ఒక పెద్దావిడ, ఒకరోజు నేను మానేసి మరునాడు వెళితే, ఆగి "ఏం పాపా, నిన్న కనబడలేదే? ఒళ్ళు బాగుందా?" అని అడిగారు. ఆ రోజు నుంచి ఆమె నాకు సరోజక్క కాదు, రమణక్క కాదు, పేరు అడగకుండానే 'అక్క'. ఆమె కోసమే నేను అయిదున్నరకు గేటు దగ్గర ఉంటున్నాను. పెద్దవాళ్ళ వ్యాయామానికి కావలసినది క్రమశిక్షణ అని చెబుతారు కానీ, మన కోసం ఎదురుచూసే మనిషి ఒకరు ఉంటే క్రమశిక్షణలో సగం భారం వాళ్ళే మోస్తారని నా అనుభవం.

ఇప్పుడు మెట్ల సంగతికి వస్తాను, ఎందుకంటే ఇలాంటి వ్యాయామశాల చాలా ఊళ్ళకు లేదు. అలిపిరి నుంచి తిరుమల కొండ మీదకు 3,550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్ల దారి. శ్రీనివాస మంగాపురం వైపు నుంచి వెళ్ళే శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, 2.1 కిలోమీటర్లు. దూరం తక్కువ కదా అని కొత్తవాళ్ళు రెండోదాన్ని ఎంచుకుంటారు. నా సలహా దానికి వ్యతిరేకం. ఏ దారిన వెళ్ళినా కొండ ఎత్తు ఎక్కక తప్పదు. అలిపిరి దారిలో గాలిగోపురం దాకా ఎక్కుడు గట్టిగా ఉన్నా, ఆ తరువాత చాలాదూరం సమతలంగా సాగే నడక వస్తుంది, జింకల పార్కు వస్తుంది, గుండె కుదుటపడుతుంది, చివర మోకాళ్ళ పర్వతం దగ్గర మళ్ళీ పరీక్ష పెడుతుంది. శ్రీవారి మెట్టు ఆ విరామం ఇవ్వదు. మొదటి మెట్టు నుంచి చివరి దాకా ఎక్కుడే. నేను అలిపిరి దారిలో మూడున్నర గంటలు తీసుకుని కూడా నవ్వుతూ పైకి చేరాను. శ్రీవారి మెట్టు గంటా యాభై నిమిషాల్లో ముగిసినా, దానిలో సగం సేపు నా చూపు నా పాదాల మీదే ఉంది.

మెట్ల మీద నన్ను నిలిపిన దృశ్యం ఒకటి చెబుతాను. గాలిగోపురానికి ఇంకా చాలా దూరం ఉండగా, అరవై ఏళ్ళు పైబడిన ఒక అమ్మ ప్రతి మెట్టుకూ వంగి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, లేచి, తరువాతి మెట్టుకు వెళుతున్నారు. ఎడమ చేతిలో పసుపు గిన్నె, కొంగు నడుముకు బిగించి ఉంది, వేళ్ళు మణికట్టు దాకా పసుపుపచ్చగా ఉన్నాయి. ఆమె వంగినప్పుడు వెన్ను గూనిగా వంగలేదు, మోకాళ్ళూ తుంటీ కలిసి వంగాయి, లేచేటప్పుడు మడమలు నేలను వదలలేదు. జిమ్‌లో నాకు సరిగా రాని కదలిక అదే. ఆమెకు అది మొక్కు. లెక్కపెట్టవలసిన శ్రమగా ఆమె దాన్ని చూడటం లేదు. మనసు వేరొక దాని మీద నిలిచినప్పుడు ఒళ్ళు ఎంత దూరం వెళ్ళగలదో నాకు ఆ పూట కళ్ళకు కట్టింది.

అయితే మెట్లు దిగడం గురించి హెచ్చరించాలి. మొదటిసారి నేను నడిచే ఎక్కి, నడిచే దిగాను. దిగుతున్నప్పుడు ఆయాసం లేదు కాబట్టి సులువనిపించింది, మరునాడు కన్నా ఆ మరునాడు తొడలు పట్టేసి మెట్లంటేనే భయం వేసింది. దానికి కారణం ఉంది: దిగేటప్పుడు తొడ ముందు భాగంలోని కండరాలు ఒకవైపు సాగుతూనే శరీరం బరువును ఆపుతూ ఉంటాయి, ఆ సాగుడు పనికి అలవాటు లేని కండరంలో సన్నని గాయాలు అవుతాయి, నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల లోపు బాగా తెలుస్తుంది. అది తనంతట తానే తగ్గే నొప్పి. మొదటి కొన్ని సార్లు ఎక్కడం వరకే పెట్టుకుని, దర్శనం చేసుకుని, ఆర్టీసీ బస్సులో దిగండి. చక్కెర జబ్బు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు చెప్పులు లేకుండా ఎక్కేముందు డాక్టరును అడగండి, పైకి చేరాక అరికాళ్ళు తప్పక చూసుకోండి. చిరుతల సంచారం వల్ల దేవస్థానం నడకదారి వేళల మీదా, పిల్లల మీదా ఆంక్షలు పెడుతూ ఉంటుంది. బయలుదేరే ముందు ఆ రోజు నియమం కనుక్కోండి. మెట్లు నాకు నెలకు ఒకసారి పండుగ. ప్రతి రోజుకూ సరిపడే వ్యాయామం కాదు.

షటిల్ గురించి రెండు మాటలు. ఆట మొదలైతే గంట ఎప్పుడు గడిచిందో తెలియదు, ఆ విషయంలో దానికి సాటి లేదు. కానీ ఒక్కసారిగా ముందుకు దూకడం, ఆగడం, తిరగడం నలభై దాటినవాళ్ళకు, పిక్క కండను మడమ ఎముకకు కలిపే స్నాయువుకు పెద్ద పరీక్ష. పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కించకుండా కోర్టులోకి దిగకండి, గెలుపు కోసం కాకుండా జంటలుగా ఆడేవాళ్ళతో మొదలుపెట్టండి. ఈత మోకాళ్ళకు ఎంతో మేలు, నీళ్ళు బరువును మోస్తాయి కాబట్టి. చిన్నప్పుడు చిత్తూరు పక్క మా అమ్మమ్మగారి ఊళ్ళో మామ నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టి బావిలో దింపితే నేర్చుకున్నాను, ఇన్నేళ్ళ తరువాత కొలనులో దిగితే చేతులు మరిచిపోలేదు. కానీ ఆడవాళ్ళకు కేటాయించిన వేళ నా ఆఫీసు వేళతో పడలేదు. సమయం కుదిరినవాళ్ళకు దీన్ని నేను గట్టిగా సిఫారసు చేస్తాను.

ఇక నాకు నిలిచింది కోలాటం. మా వీధి చివర గుడి మండపంలో సాయంత్రం ఆరున్నరకు పదహారు మంది ఆడవాళ్ళం చేరతాం. ఇరవై రెండేళ్ళ అమ్మాయి నుంచి అరవై ఎనిమిదేళ్ళ అవ్వ దాకా ఉన్నారు. బ్రహ్మోత్సవాలప్పుడు మాడ వీధుల్లో వాహనం ముందు ఆడే బృందాలను ఏళ్ళ తరబడి చూశాను కానీ, ఆ గంటసేపు వాళ్ళు ఎంత శ్రమిస్తారో కోలలు చేత పట్టాకే తెలిసింది. నిదానంగా మొదలైన తాళం చరణం చరణానికీ వేగం పుంజుకుంటుంది. మొదటి పాటకు మాట్లాడుకుంటాం, మూడో పాటకు మాట రాదు; ఇందాక చెప్పిన గొంతు పరీక్ష తనంతట తానే జరిగిపోతుంది.

దానిలోనూ జడ కోలాటం వేరు. పై నుంచి వేలాడదీసిన రంగుల తాళ్ళను ఒక్కొక్కరం ఒక చేత పట్టుకుని, ఒకరి కింది నుంచి ఒకరం, ఒకరి పక్క నుంచి ఒకరం తిరుగుతుంటే మధ్యలో తాళ్ళు జడగా అల్లుకుంటాయి. తరువాత అదే అడుగును వెనక్కు వేస్తూ ఆ జడను విప్పాలి. ఒక్కరు ఒక్క అడుగు తప్పినా తాడు చిక్కుపడుతుంది, అందరం ఆగిపోతాం. మూడో వారంలో అలా నా ఎరుపు తాడు చిక్కుపడితే, ఎదురుగా ఉన్న అవ్వ తన కోలను చంకలో పెట్టుకుని, "తాడును చూడొద్దమ్మా, నీ ముందరున్న పిల్ల మడమను చూడు" అన్నారు. అలా చూస్తే నిజంగానే అడుగు కుదిరింది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక గమనించాను, యాభై నిమిషాలు ఆడినా గడియారం వైపు ఒక్కసారీ చూడలేదు. వంగడం, తిరగడం, తూకం నిలుపుకోవడం, క్రమాన్ని జ్ఞాపకం పెట్టుకోవడం ఇందులో కలిసే ఉన్నాయి. ఖర్చు ఒక జత కోలలు. లోపం లేకపోలేదు: గచ్చు గట్టిది కాబట్టి మడమలు నొప్పి పుడతాయి, నేను మెత్తని అడుగున్న బూట్లతో ఆడుతున్నాను, చేతులకూ వీపుకూ బలం దీనితో సరిగా రాదు, అందుకే నీళ్ళ డబ్బాలు వదల్లేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు గుండె జబ్బు, బీపీ, చక్కెర మందులు వాడుతుంటే ముందు డాక్టరుతో మాట్లాడండి. కొన్ని చక్కెర మందులు, ముఖ్యంగా ఇన్సులిన్, వ్యాయామంతో కలిస్తే చక్కెర మరీ పడిపోవచ్చు కాబట్టి జేబులో బెల్లం ముక్కో, గ్లూకోజో ఉంచుకోండి. ఛాతీలో బరువు, కళ్ళు తిరగడం ఉంటే అక్కడే ఆగి సాయం అడగండి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు పొద్దున ఏడు దాటితే బయటి నడక వద్దు. ఏది ఎంచుకున్నా మొదటి రెండు వారాలు పదిహేను నిమిషాలతో ఆపేయండి, ఇంకా చేయాలని ఉన్నా సరే. ఆ మిగిలిన కోరికే మరునాడు మిమ్మల్ని గడప దాటిస్తుంది.

మీ ఊళ్ళో, మీ వీధిలో ఇలాంటి బృందం ఏదైనా ఉంటే కింద రాయండి, ముఖ్యంగా చిత్తూరు, పలమనేరు, మదనపల్లె వైపు చెక్క భజన నేర్పేవాళ్ళు ఉంటే తప్పక చెప్పండి, దాన్ని కూడా నేర్చుకుని చూడాలని ఉంది. ఆరున్నర కావస్తోంది. ఈ రోజు జడను మధ్యలో ఆపకుండా అల్లి, మళ్ళీ విప్పాలని మా పదహారు మందీ పంతం పట్టాం, నేను బయలుదేరాలి.