వీధిలో నీళ్లు నిలిస్తే వీధిని చూడకండి

[తెర మీద: మోకాలి లోతు నీళ్లతో ఒక పల్లె వీధి]

వాన పడిన ప్రతిసారీ ఒకే మాట. "రోడ్డు ఎత్తు పెంచితే సరిపోతుంది." నాకు నిజంగా బాధేస్తుంది ఈ మాట వింటే. చంద్రగిరి దగ్గర మా మేనమామ వాళ్ల వీధిలో అదే చేశారు. పాత రోడ్డు మీదే ఇంకో పొర సిమెంటు పోశారు. ఆ కార్తీకంలో రోడ్డు మీద నిలవాల్సిన నీళ్లు మా అత్త వంటింట్లోకి వచ్చాయి.

తిరుమలలో కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నారు అనుకోండి. క్యూ ఎందుకు కదలదు? ముందు గేటు తియ్యలేదు కాబట్టి. మన కంపార్ట్‌మెంట్ గోడ ఎత్తు పెంచితే దర్శనం త్వరగా అవుతుందా? రోడ్డు ఎత్తు పెంచడం అంటే అదే.

[తెర మీద: చేత్తో గీసిన బొమ్మ. వీధి కాలువ, వంక (చిన్న వాగు), చెరువు, మొరవ (అలుగు), కింది చెరువు, స్వర్ణముఖి]

మన గొలుసుకట్టు చెరువులు అచ్చం ఆ కంపార్ట్‌మెంట్లే. ఒకటి నిండితే మొరవ పారి కిందిది నిండుతుంది. పెద్దవాళ్లు ఎంత ఆలోచించి కట్టారో! ఆ దారిలో ఒక్క చోట సర్కారు తుమ్మ అడ్డం పడితే చాలు, క్యూ మొత్తం వెనక్కి తంతుంది. ఆ చోటు మీ వీధికి కిలోమీటరు దూరంలో ఉండొచ్చు.

ఎన్ని నీళ్లో ఒకసారి లెక్క చూద్దాం. ఎకరా మీద ఒక సెంటీమీటరు వాన పడితే సుమారు 40 వేల లీటర్లు. ఊరి పైన 50 ఎకరాల మీద 10 సెంటీమీటర్లు కురిస్తే 2 కోట్ల లీటర్లు. నేల ముందే నానిపోయి ఉంటే అందులో చాలా భాగం కిందికే వస్తుంది. ఇప్పుడు రోడ్డు కింద పైపు చూడండి. 2 అడుగుల పైపు ఉండాల్సిన చోట, అదే వాలులో, అడుగు పైపు వేస్తే సగం నీళ్లు పోతాయి అనుకుంటాం. పోవు. దాదాపు ఆరో వంతే పోతాయి. పూడిక నిండిన పైపుదీ ఇంచుమించు ఇదే కథ.

అందుకే పూడిక తీయడం కింది నుంచి మొదలుపెట్టాలి. అందరూ తమ ఇంటి ముందు కాలువతో మొదలుపెడతారు. మంచి మనసుతోనే చేస్తారు, కాదనను. కానీ గేటు మూసి ఉండగా వెనక వాళ్లను తొందరపెట్టినట్టే అది. వాన వెలిసిన మర్నాడు పదిమంది కలిసి చెరువు దాకా నడవండి. నీళ్లు ఎక్కడ ఆగాయో అప్పుడే కంటికి కనిపిస్తుంది. పని అక్కడ మొదలుపెట్టి పైకి రండి.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. 2021 నవంబరు వానలు, తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టకు లీకేజీ వచ్చి ఊళ్లు ఖాళీ చేయించిన రోజులు, మనలో ఎవరూ మరిచిపోలేదు. అంత వానను వంక శుభ్రం చేసి ఆపలేం. ఏటా వచ్చే మామూలు వానకు ఇల్లు మునగకుండా మాత్రం చేసుకోగలం. కింది ఊరికి చెప్పకుండా మొరవ రాళ్లు తీసేయకండి. అన్ని కంపార్ట్‌మెంట్లూ ఒకేసారి వదిలితే ముందున్న వాళ్ల గతి ఏమిటి?

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్తాను. మన తిరుపతి వైపు పెద్ద వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, కాబట్టి పని సెప్టెంబరులోపే ముగించాలి. తీసిన పూడిక గట్టు మీద పోయకండి, మొదటి వానకే మళ్లీ దిగుతుంది. పొలాలకు తోలండి. నరికిన తుమ్మ కొమ్మలు వంకలో వదలకండి, అవే కొట్టుకొచ్చి పైపుకు అడ్డం పడతాయి. గట్టు మీద గడ్డి వేళ్లు పెరకకండి, మట్టిని పట్టుకునేవి అవే. వంక ఎవరైనా కలిపేసుకుని ఉంటే గొడవ పడకుండా సచివాలయంలో సర్వేయర్ చేత కొలిపించి, గ్రామసభలో తీర్మానం రాయించండి. ఉపాధి పని కింద పెట్టమని అక్కడే అడగండి. పొదల్లో పాములుంటాయి, ముందు కర్రతో తట్టి చూడండి. నీళ్లు పారుతుండగా పైపు అడ్డు తీయడానికి మాత్రం ఎవరూ దిగకండి, ఎంత ఈత వచ్చినా సరే.